గోధుమలు వండని పండగ

"బేకరీ రొట్టెను పటం ముందు పెట్టనివ్వను. మొన్న చెప్పాను, నిన్న చెప్పాను, మళ్లీ చెబుతున్నాను," అంది మిలుంకా. పిండికట్టు వేసిన కుడిచేతిని ఎవరిదో సామానులా బల్ల మీద పెట్టుకుని, ఎడంచేత్తో సూపు తాగుతోంది. చెంచా నోటిదాకా వెళ్లేసరికి సగం ఒలికిపోతోంది.

"బేకరీలో చేసేదీ మనుషులేనమ్మా," అన్నాడు ఆమె కొడుకు రాదిషా.

"ఏ మనుషులు? ఏ నీళ్లు పోసి పిసికారో నీకు తెలుసా? ఫాదరు ఇంటికొచ్చి ప్రార్థన చేసి ఇచ్చిన నీళ్ల సీసా అదిగో, కిటికీలో ఉంది. వాటితో మొక్కలు తడుపుదామా? ఇంటికో పునీతుడు, ఇంటికో పండగ. అందరిళ్లల్లో ఆ పండక్కి గోధుమలు వండుకుంటారు. మన ప్రధానదూత మిఖాయిలేమో చావు లేనివాడు. బతికున్నవాడికి గోధుమలు పెట్టరు. మన ఇంట్లో ఉన్నదల్లా ఒక్క రొట్టె. అదీ బజారు నుంచేనా?"

"నీ చెయ్యి బాగుంటే నువ్వే చేసేదానివి. విరగ్గొట్టుకున్నావు. ఏం చేద్దామంటావు మరి?"

"ఈ ఇంట్లో ఉన్నది నా చెయ్యి ఒక్కటేనా?"

ఆ మాట బల్ల చివర కూర్చున్న కోడలు నెవెన్కా కోసం అన్నది. ఆమె తలెత్తలేదు. సూపు గిన్నెను పక్కకి నెట్టి, ముందు కాగితం ముక్కలు పరుచుకుంది. ఒక్కో ముక్క మీద ఒక్కో పేరు. గురక పెట్టేవాళ్లని గురక పెట్టేవాళ్లతో కలుపుతోంది. సిగరెట్లు మానలేనివాళ్లని బాల్కనీ గదుల్లోకి తోస్తోంది. ఈ వేసవిలో విడాకులు తీసుకున్న ఒక జంటకి చెరో అంతస్తు ఇచ్చి, ఆ మగమనిషి కొత్త స్నేహితురాలిని ఇంకో భవనంలోకి జరిపింది. ఇన్నేళ్లుగా ఇదే పని. ఏదో ఒక కంపెనీ వాళ్ల మనుషులందరినీ ఒకేసారి బస్సులెక్కించి, రెండు మూడు రోజులు కొండ మీదో స్నానాల ఊళ్లోనో ఉంచి, తినిపించి, ఆడించి, ఒక్కరూ తప్పిపోకుండా తిరిగి ఇళ్లకి చేర్చడం.

"అమ్మకి వినపడట్లేదు నానమ్మా. ఆవిడ అప్పుడే జ్లాతిబోర్ కొండ మీదికి వెళ్లిపోయింది," అంది టియానా ఫోనులోంచి కళ్లు తియ్యకుండా.

"వినపడుతోంది," అంది నెవెన్కా. "నేను సోమవారం వెళ్లి బుధవారం వస్తానత్తయ్యా. పండగ మంగళవారం. రొట్టె ఆదివారమే చేసిపెట్టి వెళ్లమంటే చేస్తాను."

"ముందే చేసిన ఎండు రొట్టెనా! మీ మామగారు పోయాక వస్తున్న మొదటి పండగ. తండ్రి చేతిలోంచి కొడుకు చేతికి వస్తున్న ఏడాది. నువ్వేమో ఎవరినో ఆడించడానికి పోతానంటావు. ఎవరు వాళ్లు?"

"కేబుళ్ల ఫ్యాక్టరీ వాళ్లు."

"ఆ ఫ్యాక్టరీలో మన చాచక్ ఊరివాళ్లే కదే ఉండేది! సగం మందికి మన పండగే. వాళ్లిళ్లల్లో చేసుకోవద్దా?"

"హోటల్లో చేస్తున్నారు. అందరికీ కలిపి ఒకటే."

మిలుంకా చెంచా కింద పెట్టింది. "అందరికీ కలిపి ఒకటే! అలాగే వాళ్లందరికీ కలిపి ఒకటే పెళ్లి కూడా చెయ్యమను. ఖర్చు కలిసొస్తుంది."

టియానా పకపకా నవ్వింది. రాదిషా నవ్వాపుకోవడానికి రొట్టె ముక్క నోట్లో కుక్కుకున్నాడు. బస్సు డిపోలో ఇంజన్లు విప్పే మనిషి. ఎంత తోమినా గోళ్ల చుట్టూ నల్లటి గీత పోదు.

"సరే," అంది మిలుంకా గొంతు తగ్గించి. ఆమె గొంతు తగ్గిందంటే ఇంట్లో అందరూ జాగ్రత్తపడతారు. "మీవల్ల కాదంటే చెప్పండి, తప్పు లేదు. పటాన్ని మిలోయె ఇంటికి పంపేస్తాను. చిన్నవాడైతేనేం, వాడూ ఆయన కొడుకే. వాడి పెళ్లాం జోర్కా రోజంతా ఇంట్లోనే ఉంటుంది. పండగ వాళ్లింట్లో జరుగుతుంది, మనం చుట్టాల్లా వెళ్లి తినొద్దాం."

నెవెన్కా గోడకేసి చూసింది. తూర్పు గోడ మీద, నల్లబడ్డ వెండి చట్రంలో, కత్తి పట్టుకున్న ప్రధానదూత. ఇరవై నాలుగేళ్లుగా ఆ చట్రం తుడుస్తున్నది తనే. అత్తగారి మాట ఎక్కడో ఒకచోట తగలాలి. పంటి డాక్టరు మత్తుసూది ఇచ్చాక పెదవి కొరుక్కున్నట్టు, తగిలిందని తెలిసింది గానీ నొప్పి లేదు. మామగారిని పూడ్చిన రోజు కూడా ఇలాగే ఉంది. ఆ మర్నాడు ఒక బ్యాంకు వాళ్లని గుహలు చూపించడానికి తీసుకెళ్లింది.

"మీ ఇష్టం అత్తయ్యా," అని, మిగిలిపోయిన ఒక పేరుకి హోటల్లో గది వెతకసాగింది.

*

శుక్రవారం ఫ్యాక్టరీలో ఆఖరి సమావేశం. సిబ్బంది వ్యవహారాలు చూసే ఇవోనా, గాజు గోడల గదిలో ఎదురుచూస్తోంది. ముప్పై దాటని పిల్ల. మాటకి ముందు చిరునవ్వు వస్తుంది.

"మొత్తం రెండువందల అరవై మంది. వాన పడితే?" అంది.

"తాడు లాగుడు లోపల, జిమ్నేజియంలో పెట్టిస్తాను. గోనెసంచుల పందెం తీసేస్తాం. వానకోట్లు నా దగ్గర ఉన్నాయి."

"మధుమేహం వాళ్లు?"

"వాళ్ల బల్లలు వంటింటికి దగ్గరగా వేయించాను. వడ్డన ముందు వాళ్లకే."

"మీరుంటే నేను హాయిగా నిద్రపోవచ్చు నెవెన్కా గారూ." ఇవోనా ఒక కాగితాల కట్టను పక్కకి జరిపింది. "ఇవి మాత్రం తలనొప్పి. మంగళవారం పండగ సెలవు కావాలని నలభై మందికి పైగా రాసిచ్చారు."

"సొంత పండక్కి సెలవు హక్కే కదా," అంది నెవెన్కా. వాదించాలని కాదు, తెలిసిన సంగతి కాబట్టి నోటికొచ్చింది.

"హక్కే. కానీ పనే లేని రోజు సెలవెందుకు? ఆర్డర్లు తగ్గాయి, మూడు రోజులు లైను ఆపేస్తున్నాం. ఆ మూడు రోజులే ఈ ట్రిప్పు. వచ్చినవాళ్లకి జీతం వస్తుంది. రానివాళ్లది జీతం లేని సెలవు. ఎవరినీ బలవంతం పెట్టట్లేదు." చిరునవ్వు. "పైగా పండగని మేమే చేసి పెడుతున్నాం. డైరెక్టరు గారికి ఆ ఆలోచన చాలా నచ్చింది. కుటుంబంలా ఉంటుందన్నారు."

నెవెన్కాకి అప్పుడే హోటలు నుంచి ఫోనొచ్చింది. హోటల్లో పండగ ఏర్పాటు ఒక కట్టగా అమ్ముతారు. ఏ పునీతుడికైనా అదే. అవతలి పిల్ల గడగడా చదివింది. "అల్లిన రొట్టె, పెద్ద మైనపు వత్తి, ఎర్ర వైను, గోధుమలు, జానపద దుస్తుల్లో ఇద్దరమ్మాయిలు. ఏమైనా తీసెయ్యమంటారా మేడమ్?"

బస్సు డ్రైవరు ఇంకో లైనులో ఉన్నాడు. ఇవోనా ఇంకేదో అడుగుతోంది.

"వద్దు. అన్నీ ఉండనివ్వండి," అంది నెవెన్కా.

"ఫాదరు మాత్రం దొరకలేదు మేడమ్. ఆ రోజు ఆయన ఇళ్ల వెంట తిరుగుతుంటారు. మైకు పట్టుకునే కుర్రాడే జరిపించేస్తానంటున్నాడు."

"సరే."

ఇవోనా తలుపు దాకా వచ్చింది. "వేదిక మీద డైరెక్టరు గారి పక్కన నిలబడటానికి మన కార్మికుల్లో ఒకాయన్ని ఎంచాను. తిహోమిర్ అని, కేబుల్ చుట్టలు మోసే బండి నడుపుతాడు. ఆయనది ఆ పండగే. తెల్ల మీసాలు, ఫోటోలో బాగుంటాడు."

*

సోమవారం పొద్దున మంచు ఇంకా విడలేదు. ఐదు బస్సులు ఫ్యాక్టరీ గేటు ముందు ఇంజన్లు ఆపకుండా నిలబడ్డాయి. నెవెన్కా ఒక్కో మెట్టు దగ్గర ఆగి మణికట్టు పట్టీలు కడుతోంది. ఎరుపు పట్టీ ఒక జట్టు, పచ్చ పట్టీ ఒక జట్టు. తల తిరిగేవాళ్లని ముందు సీట్లలో కూర్చోబెట్టింది. వాంతి సంచులు డ్రైవరు వెనక జేబులో పెట్టింది.

తెల్ల మీసాల మనిషి తన సంచిని సామాన్ల గూట్లో పెట్టనివ్వలేదు.

"ఒళ్లో పెట్టుకుంటానమ్మా. నలిగిపోతుంది."

"దారి పొడవునా మోకాళ్లు పట్టేస్తాయండీ."

"పట్టనివ్వండి. వాటికేం పని ఈ మూడు రోజులు?"

వెనక సీటులోంచి ఎవరో అరిచారు. "తిహోమిర్! సంచిలో సారా అయితే ఇటు పంపు, మేం ఒళ్లో పెట్టుకుంటాం!"

బస్సంతా నవ్వింది. తిహోమిర్ కూడా నవ్వాడు. అతను పక్కనుంచి వెళ్తుంటే కొత్తగా కాలిన రొట్టె వాసన వచ్చింది. నెవెన్కా పట్టీ కట్టి తర్వాతి చెయ్యి అందుకుంది.

జ్లాతిబోర్‌లో ఆ రోజు అనుకున్నట్టే నడిచింది. గదుల తాళాలు, వేడి సారా, తాడు లాగుడు. కేబుళ్ల లైను ఆడవాళ్లు ఆఫీసు మగవాళ్లని తాడుతో పాటు బురదలోకి లాక్కొచ్చారు. "జీతాల్లో కోత పెట్టినంత సులువనుకున్నావా బాబూ!" అని ఒకావిడ కేక వేస్తే లెక్కల విభాగం కుర్రాడు సిగ్గుతో బురద తుడుచుకున్నాడు. నెవెన్కా గడియారం చూసి ఈల ఊదింది. అందరూ నవ్వుతున్నారు. అంటే పని బాగా జరుగుతున్నట్టే. ఆమె మాత్రం వంటింటి తలుపు దగ్గర నిలబడే భోంచేసింది. ట్రిప్పుల్లో కూర్చుని తినే అలవాటు పోయి చాలా ఏళ్లయింది.

ఇంటి నుంచి ఫోను రాలేదు. తనూ చెయ్యలేదు.

మంగళవారం పొద్దున్నే తిహోమిర్ ఆమెను వెతుక్కుంటూ వచ్చాడు. తెల్ల చొక్కా, ఇస్త్రీ మడత చెదరని కోటు. చంకలో సంచి.

"చెల్లెమ్మా, చిన్న సంగతి. గదిలో మంట వెలిగించకూడదని కాగితంలో రాశారు."

"అవునండీ." ఆ కాగితం రాసింది తనే.

"గంట మోగుతుందట?"

"మోగుతుంది. పైనుంచి నీళ్లు కూడా పడతాయి."

"బయట చూశాను. గాలికి ఆగట్లేదు."

"మధ్యాహ్నం వేదిక మీద పెద్ద వత్తి వెలిగిస్తున్నాం కదా. మీ చేతే వెలిగిస్తున్నాం."

"అది ఎవరింటిది?"

"అందరిదీ."

అతను సంచి తెరిచి, తువ్వాలు మడత విప్పి చూపించాడు. గుండ్రటి పండగ రొట్టె, చుట్టూ పిండితో అల్లిన జడ. పక్కన తేనెమైనపు వత్తి. జడ ఒకచోట వంకరపోయింది. అక్కడ బొటనవేలి ముద్ర పడి అలాగే కాలింది.

"మీ ఆవిడ చేశారా?" అంది నెవెన్కా.

"ఆవిడ నర్సు. ఈ మూడు రోజులూ డ్యూటీయే. నేనే చేశాను. మా నాన్నా ఆయన చేత్తోనే చేసుకునేవాడు. పండగ ఎవరిదైతే పిండి వాళ్లే పిసకాలనేవాడు. జడ మాత్రం నాకెప్పుడూ కుదరదు."

మగమనిషి చేతి రొట్టె ఆమె ఎప్పుడూ చూడలేదు. అందరికీ చెప్పే మాటే చెప్పింది. "మధ్యాహ్నం చూద్దామండీ."

"అలాగే," అన్నాడతను. పసిబిడ్డకి దుప్పటి కప్పినట్టు తువ్వాలు మళ్లీ మడిచాడు.

*

భోజనాల హాలు నిండిపోయింది. ముందు బల్ల దగ్గర డైరెక్టరు, ఇవోనా. వేదిక మీద మెరిసే పూలగుత్తులు, మనిషి చెయ్యంత లావు వత్తి, హోటలు రొట్టె. రొట్టె బాగుంది, జడ ఎక్కడా వంకరలేదు. మైకు కుర్రాడు తిహోమిర్‌ని పైకి పిలిచాడు. చప్పట్లు. కుర్చీ వేశారు. అతను కూర్చోలేదు.

"కూర్చోండి బాబాయ్, మొహమాటం వద్దు!" అన్నాడు కుర్రాడు మైకులో.

"పండగనాడు ఇంటాయన కూర్చోడు నాయనా. వచ్చినవాళ్లు లేచేదాకా నిలబడాలి," అన్నాడు తిహోమిర్. హాల్లో కొన్ని బల్లల దగ్గర తలలు ఊగాయి.

జానపద దుస్తుల అమ్మాయిలిద్దరూ పళ్లేలతో బయల్దేరారు. నెవెన్కా వంటింటి తలుపు దగ్గర నిలబడి ఉంది. మాంసం రావడానికి ఎంతసేపు పడుతుందో వంటవాణ్ణి అడుగుతోంది. అటు చూడలేదు. హాల్లో మాటలు ఒక మూల నుంచి ఆగిపోవడం మొదలయ్యాకే చూసింది.

మొదటి బల్ల దగ్గర అమ్మాయి పళ్లెం చాపి నిలబడింది. ఉడికించి నూరిన గోధుమలు, పైన పొడి చక్కెర, అక్రోటు పలుకులతో శిలువ గుర్తు. చుట్టూ శుభ్రమైన చెంచాలు. బల్ల దగ్గర కూర్చున్న లావుపాటావిడ పళ్లేన్ని చూసి, అమ్మాయిని చూసి, అడిగింది.

"ఎవరు పోయారు?"

అమ్మాయికి అర్థం కాలేదు. "తీసుకోండి ఆంటీ, పండగ గోధుమలు."

"ఇవాళ కాదమ్మా," అంది ఆవిడ మెల్లగా.

పక్క బల్లకి వెళ్లింది పళ్లెం. అక్కడా చెంచా ముట్టలేదు. ఇంకో బల్ల. ఆ ప్రధానదూత పండగ లేనివాళ్లు కూడా పక్కవాళ్ల మొహాలు చూసి చేతులు ఒళ్లో పెట్టుకున్నారు. పళ్లెం ఎలా బయల్దేరిందో అలాగే, చక్కెర చెదరకుండా, హాలంతా తిరుగుతోంది. చప్పుడల్లా ఆ అమ్మాయి పూసల దండదే.

నెవెన్కా ఆ పళ్లేన్ని చూస్తూ ఉండిపోయింది. అన్నీ ఉండనివ్వండి. ఇరవై నాలుగు పండగలు ఆ ఇంట్లో చేసింది. ఒక్కదానికీ గోధుమలు నానబెట్టలేదు. కిందటి వారమే అత్తగారు బల్ల అవతల కూర్చుని ఆ మాటే అంది. చెవిలో పడింది. పడిన చోటే ఆగిపోయింది.

ఇవోనా లేచి నిలబడింది. ఆమె పుట్టింటి పునీతుడు వేరు, అక్కడ గోధుమలు వండుతారు. ఒక చెంచా తీసుకుని నోట్లో పెట్టుకుంది. "చాలా బాగున్నాయి! తీసుకోండి అందరూ!" డైరెక్టరు కూడా ఒక చెంచా తీసుకున్నాడు. ఆ ఇద్దరూ నములుతుంటే రెండువందల అరవై మంది చూశారు.

మైకు కుర్రాడు తడబడ్డాడు. "బాబాయ్, మీరైనా చెప్పండి, తినమని."

తిహోమిర్ మైకు అందుకోలేదు. కుర్రాడే అతని మూతి దగ్గర పెట్టాడు.

"అమ్మా," అన్నాడు ఇవోనాతో, కోపం లేకుండా. "గోధుమలు పోయినవాళ్లకి పెడతారు, పోయిన పునీతులకి పెడతారు. మా ప్రధానదూత బతికున్నాడు. మా నాన్నల కాలం నుంచీ ఇంతే. మీకు తెలీదు, మీ తప్పు కాదు. అడిగితే చెప్పేవాళ్లం."

అడిగితే చెప్పేవాళ్లం. నెవెన్కాకి ఆ మాట తనకే అన్నట్టు వినిపించింది. తనకీ తెలుసు. తననీ ఎవరూ అడగలేదు. తనని తానూ అడగలేదు.

తిహోమిర్ ఆ లావు వత్తిని వెలిగించకుండానే దాటుకుని, వేదిక దిగి, గోడవారగా పెట్టుకున్న సంచి తీసుకున్నాడు. ఎటు వెళ్లాలో తెలియక చూస్తున్నాడు. నెవెన్కా చెవిలో పెట్టుకున్న ఇయర్‌ఫోను గొణుగుతోంది. మాంసం సిద్ధం, ఏం చెయ్యమంటారు, మాంసం సిద్ధం. ఆమె దాన్ని చెవిలోంచి తీసి జేబులో వేసుకుంది.

"రండి," అంది.

హోటలు వెనక, బస్సులు నిలిపిన చోటు దాటాక, ఆటసామాన్లు పెట్టే కొట్టు. రాతి గోడలు, మట్టి నేల. గంట లేదు, పైనుంచి నీళ్లు పడవు. తాళం ఆమె నడుముకే వేలాడుతోంది. లోపల గోనెసంచులు, బంతులు, నిన్నటి బురద ఎండిన తాడు. ఆమె ఒక ఖాళీ పీపాను బోర్లించి మంటకి దూరంగా సంచులు జరిపింది. తిహోమిర్ దాని మీద తువ్వాలు పరిచి, రొట్టె పెట్టి, దాంట్లో వత్తి గుచ్చి వెలిగించాడు. టోపీ తీసి శిలువ గుర్తు వేసుకున్నాడు.

తలుపు కిర్రుమంది. 'ఎవరు పోయారు' అని అడిగిన లావుపాటావిడ. చేతిసంచిలోంచి సన్నటి వత్తి తీసింది. "నేనూ తెచ్చుకున్నాను. స్నానాల గదిలో కిటికీ తెరిచి వెలిగించుకుందామనుకున్నా," అంది దొంగతనం ఒప్పుకున్నట్టు. ఆమె వెనక ఇంకో ఇద్దరు. తర్వాత తాడు లాగిన ఆడవాళ్లు గుంపుగా. ఒకతని కోటు లోపలి జేబులో మూడు ముక్కలైన వత్తి. ఒకడి దగ్గర అగ్గిపెట్టె మాత్రమే ఉంది. "నేనేం తేలేదు, అగ్గిపుల్లలు పంచుతాను," అన్నాడు. కొట్టు నిండిపోయింది. తలుపు బయట కూడా నిలబడ్డారు.

"విరిచే ముందు అందరూ కలిసి రొట్టె తిప్పాలి. కింద చేతులు చాలట్లేదు," అన్నాడు తిహోమిర్. నెవెన్కా వైపు చూశాడు. "చెల్లెమ్మా, మీ ఇంటి పండగేది?"

ఈ ట్రిప్పు పనిలో తిరిగిన మూడు వారాల్లో ఎవరూ అడగని మాట.

"ఇదే."

"ఇదేనా? మరి ఇక్కడేం చేస్తున్నారు?"

ఎగతాళి లేదు. నిజంగానే అడిగాడు. ఆమె చెయ్యి చాపి రొట్టె కింద పెట్టింది. అడుగు మెత్తగా, బరువుగా ఉంది. పదిమంది వేళ్ల మీద అది మెల్లగా తిరిగింది. చలికి కొయ్యబారిన వేళ్లకి సెగ తగిలితే ముందు తెలిసేది నొప్పే. అలాంటిదేదో ఆమె మోచేతి దాకా పాకింది. ఎవరికీ కనపడకుండా రెండోచేత్తో ముక్కు తుడుచుకుంది.

"నెవెన్కా గారూ!" తలుపు దగ్గర ఇవోనా. చిరునవ్వు ఎక్కడో జారిపోయింది. "డైరెక్టరు గారు ఖాళీ కుర్చీలకి ప్రసంగం చేస్తున్నారు. ఎవరిచ్చారు దీనికి అనుమతి?"

"నేనే ఇచ్చాను. తాళం నా దగ్గరే ఉంటుంది."

"మీ ఆఫీసుకి ఫోన్ చెయ్యాల్సి వస్తుంది."

"చెయ్యండి. రొట్టె విరిచాక అందరూ వస్తారు. మాంసం వేడిగా ఉంచమని వంటింట్లో చెప్పగలరా?"

ఇవోనా లోపలి వెలుతురుని ఒక్క క్షణం చూసింది. అడుగు లోపల పెట్టలేదు. వెళ్లి వంటింట్లో చెప్పిందని తర్వాత తెలిసింది.

సాయంత్రం నెవెన్కా పై అధికారి బోబన్ ఫోన్ చేశాడు. "ఏం చేశావే తల్లీ? వచ్చే ఏడాది వాళ్లు మనకి పని ఇవ్వరట. గోధుమలు పెట్టించిందీ నువ్వే, పెట్టించి జనాన్ని లేపుకుపోయిందీ నువ్వేనట. ఏది నిజం?"

"రెండూ," అంది నెవెన్కా.

"సోమవారం మాట్లాడదాం," అన్నాడు అతను.

*

బుధవారం పొద్దువాలేసరికి బస్సులు ఖాళీ చేసి, మర్చిపోయిన గొడుగుల్ని గేటు కాపలావాడికి అప్పగించి ఇంటికి చేరింది. హాల్లో అందరూ ఉన్నారు. మరిది మిలోయె, తోడికోడలు జోర్కా, రాదిషా, టియానా, బల్ల కొసన అత్తగారు. నిన్నటి మిగులు తింటున్నారు. గోడ మీద మేకు మాత్రం ఉంది. దాని కింద చట్రం మేర గోడ తెల్లగా ఉంది. పటం తెల్ల దుప్పట్లో ముడివేసి, ఒక కుర్చీలో చుట్టంలా కూర్చోబెట్టి ఉంది.

"వచ్చావా వదినా, కూర్చో. చల్లారిపోయాయి గానీ క్యాబేజీ చుట్టలు బాగున్నాయి," అన్నాడు మిలోయె.

"పండగ ఎలా జరిగింది?" అంది నెవెన్కా కోటు విప్పకుండా.

"బేకరీ రొట్టెతో ఎలా జరగాలో అలా," అంది మిలుంకా.

"నాన్న మధ్యలో కూర్చున్నాడు కూడా," అంది టియానా. "నానమ్మ చెంచాతో వీపు మీద పొడిచి లేపింది."

"మోకాలు నొప్పి," అన్నాడు రాదిషా.

జోర్కా ఇబ్బందిగా కదిలింది. "నేను అడగలేదక్కా. అత్తయ్యే పంపుతానంది. మా ఇంట్లో అయితే ఇరుకు, నలుగురొస్తే నిలబడటానికి చోటుండదు..."

"నాకు తెలుసు జోర్కా."

నెవెన్కా కుర్చీలోని మూటను చూసింది. తర్వాత భర్త చేతుల్ని చూసింది. ఫోర్కు పట్టుకున్న పెద్ద చేతులు. ఇంజన్ విప్పి, ఒక్క మర కూడా మిగలకుండా మళ్లీ బిగించే చేతులు.

"పటం విప్పండి," అంది. గొంతు పెంచలేదు. టియానా మాత్రం ఫోను పక్కన పెట్టింది. "అది ఎక్కడికీ వెళ్లదు. వచ్చే ఏడాది నుంచి రొట్టె రాదిషా పిసుకుతాడు."

మిలోయె నవ్వబోయి, వదిన మొహం చూసి మానేశాడు.

"నేనా?" అన్నాడు రాదిషా.

"తండ్రి చేతిలోంచి కొడుకు చేతికి వచ్చింది కదా. అత్తయ్య పక్కన కుర్చీ వేసుకుని చెబుతుంది. జడ వంకరపోతే పోనీ."

"వాడికి పిండి ఎంత పొయ్యాలో, నీళ్లు ఎంత పొయ్యాలో కూడా తెలీదు," అంది మిలుంకా.

"తెలుసుకుంటాడు. ఏడాది ఉంది."

"మరి నువ్వో? ఏ కొండ మీదుంటావో?"

"ఉండొచ్చు. సోమవారం తర్వాత అసలు ఉద్యోగమే ఉండకపోవచ్చు. నిన్న అక్కడ ఒక తప్పు చేశాను, ఆ తర్వాత ఒక మంచి పని చేశాను. రెండింటికీ కలిపి ఏమంటారో చూడాలి."

"పోతే పోయింది, ఇంట్లోనే ఉంటావు కదా వదినా," అన్నాడు మిలోయె. "అప్పుడు నువ్వే చెయ్యొచ్చు. అన్నయ్యకెందుకు ఈ శిక్ష?"

"ఉద్యోగం ఉన్నా, పోయినా," అంది నెవెన్కా. "నేను ఈ బల్ల దగ్గరే కూర్చుని ఉన్నా సరే. పండగ అతనిది. పిండి అతనే పిసుకుతాడు."

కుర్చీ లాక్కుని, కోటుతోనే, బల్ల మధ్యలో కూర్చుంది. టియానా లేచి ఆమె ముందు ఒక పళ్లెం పెట్టింది.

కాసేపటికి మిలుంకా ఎడంచేత్తో మూట ముడిని లాగడం మొదలుపెట్టింది. ఒక చేత్తో ముడి వదులు కాలేదు. ఇంకోసారి లాగింది. రాదిషా ఫోర్కు కింద పెట్టి, చేతులు ప్యాంటుకి తుడుచుకుని, లేచి వచ్చి ఆ కొసను పట్టుకున్నాడు.

"ముందు చేతులు కడుక్కో, వెధవా," అంది తల్లి. "పిండి ముట్టుకునే మనిషివి."